గేజి సగం, నీళ్లు మూడణాలు: ఒక చెరువు లెక్క

కడప వైపు ఒక పల్లె చెరువు. నవంబరు వానలకు నిండి అలుగు పారింది. జనవరి మొదటి వారంలో నాట్లు పూర్తి చేసి తూము తెరిచారు. నెలాఖరుకు నేను కట్ట మీదికి వెళ్లేసరికి తూము గోడ మీది గేజి మూడు మీటర్లు చూపిస్తోంది. నిండినప్పుడు నాలుగు.

నీటి సంఘం పెద్దాయన లెక్క చెప్పాడు. "సారూ, ఒక మీటరు దిగడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. అడుగున ఒక మీటరు గొడ్లకూ చేపలకూ వదిలేసినా ఇంకా రెండు మీటర్లుంది. అంటే నలభై నాలుగు రోజులు. పంటకు ఇంకో నలభై ఐదు రోజులు నీళ్లు కావాల. ఒక్క రోజేగదా, సర్దుకుంటాం."

త్రైరాశికం ప్రకారం ఆయన చెప్పింది సరే. గోడలు నిటారుగా ఉన్న సిమెంటు తొట్టికైతే ఆ లెక్క చెల్లుతుంది. చెరువు తొట్టి కాదు. ఆ పెద్దాయన మాట వినగానే నాకు టెన్షన్ మొదలైంది. ఎందుకంటే ఆ చెరువు అడుగు ఎలా ఉంటుందో ముందటి మే నెలలో నేను నడిచి చూశాను.

నేను ఇరవై ఏళ్లుగా చిన్న చెరువుల పనుల్లో ఉన్న సివిల్ ఇంజనీరుని. ఇంటర్ రెండో సంవత్సరంలో సమాకలనం (ఇంటిగ్రేషన్) నేర్చుకునేటప్పుడు "ఇది ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగిన పిల్లల్లో నేనూ ఉన్నాను. ఆ ప్రశ్న ఇప్పుడు చదువుకునే పిల్లలూ అడుగుతున్నారు. వాళ్ల కోసం ఈ కేసును అంకెలతో సహా రాస్తున్నాను.

చెరువు ఆకారాన్ని అంకెల్లోకి తేవడం

మే నెలలో చెరువు ఎండిపోయి ఉంది. పూడిక ఎంత తీయాలో అంచనా వేయడానికి ఊరి కుర్రాళ్లు నలుగురితో కలిసి సర్వే చేశాం. తూము అడుగు మట్టాన్ని సున్నాగా పెట్టుకున్నాం. ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్‌తో ఒక మీటరు, రెండు, మూడు, నాలుగు మీటర్ల ఎత్తులో ఉన్న చోట్లన్నీ వెతికి కర్రలు పాతాం. ఒకే ఎత్తు కర్రలన్నిటినీ కలుపుతూ పోతే ఆ మట్టానికి నీళ్లు నిలిచినప్పుడు ఒడ్డు ఎక్కడుంటుందో ఆ గీత వస్తుంది. ఆ గీత లోపలి వైశాల్యం కొలవడానికి మధ్యలో గొలుసు లాగి, సమాన దూరాల్లో గొలుసు నుంచి పక్కలకు గీత దాకా కొలతలు, అంటే ఆఫ్‌సెట్లు తీశాం. వంకర గీత కింది వైశాల్యం కనుక్కోవడమంటే పాఠంలో నిశ్చిత సమాకలని చేసే పనే. కాకపోతే పాఠంలో గీతకు సూత్రం ఇస్తారు, పొలంలో టేపు ఇస్తారు.

వచ్చిన వైశాల్యాలు ఇవి. తూము అడుగు మట్టం దగ్గర 1.5 హెక్టార్లు. ఒక మీటరు దగ్గర 6. రెండు మీటర్ల దగ్గర 14. మూడు దగ్గర 25. నాలుగు మీటర్ల నిండు మట్టం దగ్గర 40 హెక్టార్లు, అంటే సుమారు వంద ఎకరాలు.

ఈ అయిదు అంకెల్లో ఒకదాన్ని నేను మొదట తప్పుగా రాసుకున్నాను. ఒక మీటరు గీత లోపల మొదట 7.2 హెక్టార్లు వచ్చింది. రెండో రోజు పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చెరువు నడుమ తాబేలు వీపులా ఒక మిట్ట కనిపించింది. ఏళ్ల తరబడి వాగు తెచ్చిన ఇసుకా ఒండ్రూ అక్కడ మేట వేశాయి. నీళ్లు ఒక మీటరు మట్టంలో ఉంటే ఆ మిట్ట ద్వీపంలా పైకి తేలుతుంది. దాని 1.2 హెక్టార్లు తీసేస్తే మిగిలింది 6.

ఇది కొత్త సంగతేమీ కాదు. మా జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ అందులో రాశారు. చెరువు నడుమ కూర్మంలా మిట్ట ఉండటం ఆ దోషాల్లో ఒకటి. నీళ్లు కొంచెమై పారాల్సిన భూమి ఎక్కువ కావడం మరొకటి. ఆరున్నర శతాబ్దాల కిందట రాసిన ఈ రెండు దోషాలూ ఆ రోజు నా ముందున్న చెరువులో ఉన్నాయి. నేను ఎప్పుడు ఆ శాసనం సంగతి చెప్పినా ఇంజనీరింగ్ పిల్లలు ఆశ్చర్యపోతారు. అది ఇంజనీర్లు చదవాల్సిన శాసనమని నా నమ్మకం.

పొరలు పొరలుగా కూడితే

ఇప్పుడు నీళ్ల పరిమాణం. నీటిని దోసెల దొంతరలా ఊహించుకోండి. ఒక్కో దోసె మందం చాలా తక్కువ. దోసె వైశాల్యాన్ని దాని మందంతో గుణిస్తే ఆ పొరలోని నీళ్లు వస్తాయి. అడుగు నుంచి పైదాకా అన్ని పొరలనూ కూడితే మొత్తం నీళ్లు. పొర మందాన్ని సున్నా వైపు తగ్గించుకుంటూ పోయినప్పుడు ఆ మొత్తం ఏ విలువకు చేరుతుందో దాన్నే సమాకలని అంటాం. లోతు మారేకొద్దీ వైశాల్యం ఎలా మారుతుందో తెలిస్తే చాలు, చెరువు ఒడ్డు ఎన్ని వంకరలు తిరిగినా ఫరవాలేదు.

మన దగ్గర సూత్రం లేదు, అయిదు కొలతలే ఉన్నాయి. ఇలాంటి చోట సింప్సన్ నియమం ఆదుకుంటుంది. మొదటి, చివరి విలువలను ఒక్కసారి, నడుమ ఉన్నవాటిని వరసగా నాలుగు, రెండు, నాలుగు సార్లు కూడి, కొలతల మధ్య దూరంతో గుణించి మూడుతో భాగించాలి. మనకు 1.5, 24, 28, 100, 40 వచ్చాయి. మొత్తం 193.5. మూడో వంతు 64.5. అంటే నిండు చెరువులో 64.5 హెక్టారు మీటర్ల నీళ్లు. ఒక హెక్టారులో మీటరు ఎత్తున నిలిచిన నీరు పదివేల ఘనపు మీటర్లు కాబట్టి ఇది 6 లక్షల 45 వేల ఘనపు మీటర్లు. మా ఆఫీసుల భాషలో (పది లక్షల ఘనపు అడుగుల లెక్కలో) 22.8 ఎంసీఎఫ్‌టీ.

సింప్సన్ 18వ శతాబ్దపు ఇంగ్లండ్ మనిషి. కానీ ఈ నియమం వెనకున్న ఆలోచన అంతకు ముందే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కు తట్టింది. 1613లో ఆయన రెండో పెళ్లికి ద్రాక్షసారా పీపాలు తెప్పించుకున్నాడు. అమ్మేవాడు ప్రతి పీపాలోకీ ఒకే కర్ర దించి, కర్ర తడిసిన పొడవును బట్టి ధర కట్టాడు. పీపా ఆకారంతో పని లేకుండా కర్ర కొలతే పరిమాణం ఎలా చెబుతుందని కెప్లర్‌కు సందేహం వచ్చింది. ఆ సందేహం మీద పరిశోధించి 1615లో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. జర్మన్ భాషలో ఈ నియమాన్ని ఇప్పటికీ కెప్లర్ పీపా నియమం అంటారు. తూము గోడ మీది మన గేజి కూడా ఆ కర్ర లాంటిదే.

పాత రిజిస్టరులో ఇదే చెరువుకు 28 ఎంసీఎఫ్‌టీ అని రాసి ఉంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. నిండు వైశాల్యం 40ని లోతు 4తో గుణించి సగం చేశారు. 80 హెక్టారు మీటర్లు, అంటే 28.25 ఎంసీఎఫ్‌టీ. సగం ఎందుకు చేశారంటే, లోతుతో పాటు వైశాల్యం సరళరేఖలా పెరుగుతుందని అనుకున్నారు. బోర్లించిన ఇంటి కప్పులాంటి ఆకారమైతే అది నిజం. వైశాల్యం లోతు వర్గంతో పెరిగితే, శంకువులో జరిగేట్టు, సగం బదులు మూడో వంతే రావాలి. మన చెరువు ఈ రెంటికీ నడుమ, 0.4 దగ్గర ఉంది. సగానికీ 0.4కీ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. వరి పంట మొత్తానికి 1.2 మీటర్ల నీరు పడుతుందని లెక్కేస్తే 80 హెక్టారు మీటర్లకు 165 ఎకరాలు పారతాయి. 64.5కు 133 ఎకరాలే. ఊళ్లో రిజిస్టరును నమ్మి 160 ఎకరాలు నాటారు.

ఇక అసలు గుండె ఝల్లుమనే సంగతి. అదే కూడికను మధ్యలో ఆపి చూడండి. మూడు మీటర్ల దాకా కూడితే 32.4 హెక్టారు మీటర్లు. రెండు మీటర్ల దాకా 13.2. ఒక మీటరు దాకా 3.5. అంటే పై ఒక్క మీటరులోనే చెరువు నీళ్లలో సగం ఉన్నాయి. గేజి సగానికి దిగేసరికి మిగిలేది అయిదో వంతు. పెద్దాయన ఇరవై రెండు రోజుల్లో వాడింది నాలుగో వంతు కాదు, సగం.

రోజుల లెక్క

నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఎన్ని రోజులు వస్తాయో తెలిసినట్టు కాదు. తూములోంచి వచ్చే ప్రవాహం కూడా మారుతూ ఉంటుంది. కన్నం మీద నిలిచిన నీటి ఎత్తుకు వర్గమూలం ఎంతో, నీళ్లు దూకే వేగం ఆ నిష్పత్తిలో ఉంటుంది. 17వ శతాబ్దంలో టోరిచెల్లి చెప్పిన సూత్రం ఇది. గెలీలియో దగ్గర చివరి రోజుల్లో పనిచేసినవాడు ఆయన. ఎత్తు నాలుగో వంతుకు పడిపోతే వేగం సగమవుతుంది.

ఊళ్లో తూము షట్టరు 60 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని 5 సెంటీమీటర్లు ఎత్తి పెట్టి రాత్రింబగళ్లు అలాగే వదిలేశారు. చెరువు నిండుగా ఉన్నప్పుడు సెకనుకు 0.16 ఘనపు మీటర్లు వచ్చేది. మూడు మీటర్ల దగ్గర 0.138. కాలువలో తేలే వస్తువు వదిలి వేగం కొలిచాం. లెక్కకూ కొలతకూ పెద్ద తేడా రాలేదు.

ఒక చిన్న పొర దిగడానికి పట్టే కాలం ఎంత? పొరలోని నీళ్లను ఆ సమయానికి ఉన్న ప్రవాహంతో భాగిస్తే వస్తుంది. నీళ్లు వైశాల్యాన్ని బట్టి, ప్రవాహం లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటాయి. కాబట్టి వైశాల్యాన్ని లోతు వర్గమూలంతో భాగించి, ఆ విలువలను పైనుంచి కిందికి సమాకలనం చేయాలి. ఇక్కడ రెండు శక్తులు ఎదురెదురుగా లాగుతున్నాయి. నీళ్లు దిగేకొద్దీ వైశాల్యం తగ్గి పొర తొందరగా ఖాళీ అవుతుంది. ప్రవాహం కూడా తగ్గి పొర నిదానంగా ఖాళీ అవుతుంది. ఏది గెలుస్తుందో ఊహతో చెప్పలేం. నాలుగు మీటర్ల దగ్గర ఆ భాగఫలం 20. మూడు దగ్గర 14.4, రెండు దగ్గర 9.9, ఒకటి దగ్గర 6. వైశాల్యమే గెలిచింది.

సమాకలనం చేస్తే మొదటి మీటరుకు 25 రోజులు, రెండోదానికి సుమారు 18, మూడోదానికి పదకొండున్నర వచ్చాయి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఎండకు ఆవిరైపోతుందని కలిపితే ఆ అంకెలు 22, 16, 11 అయ్యాయి. మొదటి మీటరు దిగడానికి ఊళ్లో నిజంగానే 22 రోజులు పట్టింది. లెక్క నిలబడిందని నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

అంటే మిగిలింది 44 రోజులు కాదు, 27. పంటకు 45 కావాలి. పైరు అప్పుడు చిరుపొట్టకు, అంటే లోపల వెన్ను కట్టే దశకు, వస్తోంది. పద్దెనిమిది రోజుల ముందే తూము ఎండిపోతే గింజ కట్టదు.

కట్ట మీద ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తూము తెరిచి మూసి నీళ్లు పంచే నీరుగంటి పెద్దయ్య మెల్లగా అన్నాడు: "కింద నీళ్లు బిరబిరా పోతాయని మా నాయన చెప్పేవాడు సారూ. ఎందుకో తెలీదు గానీ, ఆ మాట నిజమే." ఆయన అనుభవానికీ నా కాగితానికీ అక్కడ పొత్తు కుదిరింది. రైతులు నా అంకెలను నమ్మింది నా డిగ్రీ చూసి కాదు, పెద్దయ్య తల ఊపడం చూసి.

ఉన్నదాన్ని పంచడం

మూడు మీటర్లకూ ఒక మీటరుకూ నడుమ 28.9 హెక్టారు మీటర్లు ఉన్నాయి. 45 రోజుల్లో ఆవిరయ్యేది సుమారు 3.2 తీసేస్తే వాడుకోవడానికి 25.7. రోజుకు 5,700 ఘనపు మీటర్లు. అప్పటిదాకా రోజుకు దాదాపు 12,000 వదులుతున్నారు. సగానికి తగ్గించాలి. 160 ఎకరాల మీద పరిస్తే రోజుకు తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉండాలన్న అలవాటు మానుకుని, తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే సరిపోతుంది. పొట్ట దశలో మాత్రం ఆరనివ్వకూడదు.

గంటల పట్టిక కూడా సమాకలనం నుంచే వచ్చింది. షట్టరు ఎత్తు మార్చకుండా, మూడు మీటర్ల దగ్గర రోజుకు పదకొండున్నర గంటలు తెరవాలి. రెండు మీటర్ల దగ్గర 14 గంటలు. ఒక మీటరు దగ్గరికి వచ్చేసరికి 20 గంటలు. నీళ్లు తగ్గుతుంటే గంటలు పెంచడమేమిటని కొందరు అనుమానపడ్డారు. ఒత్తిడి తగ్గితే ధార సన్నబడుతుందని తూము నోటి దగ్గర నిలబెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

అయితే రోజూ మూయాలి, రోజూ తెరవాలి. ఇక్కడే ఇంకో చిక్కు.

షట్టరు మీద ఒక టన్ను

ముందటి ఏడు నిండు చెరువులో షట్టరు మూయబోతే దాన్ని ఎత్తి దించే కడ్డీ వంగిపోయింది. మరమ్మతుకు వచ్చినవాళ్లు ఇనుము నాసిరకమని చెప్పి అదే మందం కడ్డీ మళ్లీ వేసి వెళ్లారు. షట్టరు పలక బరువు 45 కిలోలు, కడ్డీ దానికి చాలదా అన్నారట. నీరు పలకను గాడికి ఎంత గట్టిగా నొక్కుతుందో ఎవరూ లెక్కేసినట్టు లేదు.

నీటి పీడనం లోతుతో పెరుగుతుంది. పలకను అడ్డంగా సన్నని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ మీది పీడనాన్ని దాని వైశాల్యంతో గుణించి కూడాలి. 60 సెంటీమీటర్ల చదరపు పలక, మూడు మీటర్ల నీళ్లు. 2.4 నుంచి 3 మీటర్ల లోతు దాకా సమాకలనం చేస్తే 9.5 కిలోన్యూటన్లు వస్తుంది. దాదాపు ఒక టన్ను బరువు. తుప్పు పట్టిన గాడిలో ఘర్షణ అందులో సగం అనుకుంటే 490 కిలోల బలం అడ్డుపడుతుంది. పలక సొంత బరువు మూయడానికి సాయం చేసినా, కడ్డీ కిందికి నెట్టాల్సింది 440 కిలోలు.

పైకి లాగేటప్పుడు కడ్డీ తాడులా పనిచేస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. కిందికి నెట్టేటప్పుడు చీపురుపుల్లను రెండు కొసలా నొక్కినట్టు నడుమ వంగుతుంది. ఎంత బరువుకు వంగుతుందో 18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్క కట్టాడు. నాలుగున్నర మీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు కడ్డీ 190 కిలోలకే వంగిపోతుంది. ఇనుము నాణ్యత ఎంత బాగున్నా అంతే.

నీళ్లలో మనిషిని దించే ప్రశ్నే లేదు. తెరిచిన తూము దగ్గర నీటి పీల్పు ప్రాణాలు తీస్తుంది. పైనున్న తిప్పే చక్రం విప్పి, 50 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప గొట్టాన్ని కడ్డీ మీదుగా కిందికి జార్చి, పలక తల మీద ఆనించాం. చక్రం విప్పిన ఆ అరగంటా పలక జారిపోకుండా నిలబెట్టింది ఆ గాడి ఘర్షణే. నడుమ బోలుగా ఉన్నా లోహం అక్షానికి దూరంగా ఉండటం వల్ల గొట్టం వంగడానికి ఎంతో మొండిగా ఉంటుంది. ఆ మొండితనాన్ని కొలిచే జడత్వ భ్రామకం కూడా సమాకలనం చేస్తే వచ్చేదే. గొట్టం తోడయ్యాక ఒకటిన్నర టన్నుల దాకా భరోసా. ఆ సాయంత్రం పెద్దయ్య ఒక్కడే చక్రం తిప్పి తూము మూశాడు.

ఏం జరిగింది

వారానికోసారి గేజి చూసి గంటలు సరిచేసుకున్నాం. 45వ రోజున మీటరు దగ్గర ఉండాల్సిన గేజి 92 సెంటీమీటర్లు చూపించింది. ఆ ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువగా కట్ట కింది ఊట వల్ల పోయి ఉంటాయి. నా లెక్కలో ఊటను పట్టించుకోలేదు, అది నా లోపం. ఇప్పుడు ఏ చెరువుకైనా తూము మూసి ఉంచి మూడు రోజులు గేజి చూసి, ఆవిరి తీసేసి, మిగతాది ఊట కింద రాసుకుంటున్నాను.

పంట మొత్తంగా గట్టెక్కింది. కాలువ చివరి పదకొండు ఎకరాలకు మాత్రం రెండో వారంలో నీళ్లు అందలేదు. వాళ్ల వంతులు రాత్రిపూట పడ్డాయి, పైనున్న మడుల గండ్లు ఎవరో మూయలేదు. ఆ రైతులకు దిగుబడి తగ్గింది. మరుసటి ఏడు నుంచి చివరి ఆయకట్టుకు పగటి వంతు ఇవ్వాలని సంఘం తీర్మానం రాసుకుంది. వరి 130 ఎకరాలకు మించకూడదన్న మాట మీద మాత్రం ఇంకా గొడవ నడుస్తోంది. ఎవరి మడి వదులుకోవాలన్నది లెక్కతో తేలేది కాదు.

చివరగా గేజి సంగతి. మీటర్లు చూస్తే మళ్లీ అదే పొరపాటు జరుగుతుందని, మీటర్ల పక్కనే నీళ్ల వాటా కూడా రాయిద్దామన్నాను. శాతాల్లో రాయించబోతే పెద్దయ్య అడ్డుపడ్డాడు. "శాతాలు నాకు తెలీవు సారూ. నిండు చెరువంటే పదహారణాలు. అణాల్లో రాయండి." అలాగే రాయించాం. నాలుగు మీటర్ల గీత పక్కన పదహారు. మూడు పక్కన ఎనిమిది. రెండు పక్కన మూడు. ఒకటి పక్కన, అణాకు తక్కువ. పోయిన సంక్రాంతికి ఆ ఊరు వెళ్తే తూము మెట్ల మీద కూర్చున్న పెద్దయ్య నన్ను చూడగానే చేయి పైకెత్తాడు. "సారూ, ఈ పొద్దు పదకొండణాలుంది."